పీఎంఏవై వడ్డీ సబ్సిడీ: మా లోన్ ఖాతాలో మొదటి 36,000 పడే దాకా

2026 జనవరిలో మా హోమ్ లోన్ ఖాతాలో 36,000 రూపాయలు జమయ్యాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2.0 కింద వచ్చే వడ్డీ సబ్సిడీలో మొదటి వాయిదా ఇది. ఇల్లు వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఏడాది దాటింది. మాలాంటి చిన్న జీతాల వాళ్లు చాలామంది ఇప్పుడు ఇదే దారిలో ఉన్నారు. అందుకే ఎప్పుడు ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఊపిరి ఆడలేదు అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది గుంటూరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 18,000. మా ఆయన ఏసీ మెకానిక్, ఒక షాపులో నెలకు 17,000 ఇస్తారు. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 4 లక్షల 20 వేలు. ఈ పథకంలో 3 లక్షల లోపు ఆదాయం ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గం), 6 లక్షల లోపు అయితే ఎల్ఐజీ (తక్కువ ఆదాయ వర్గం), 9 లక్షల లోపు అయితే ఎంఐజీ (మధ్య ఆదాయ వర్గం). మేం ఎల్ఐజీ కిందకు వస్తాం. పిల్లలు ఇద్దరు. అద్దె 7,500 ఉండేది. 2024 నవంబర్‌లో ఇంటి ఓనర్ గారు సంక్రాంతి నుంచి 9,000 చేస్తామన్నారు. అప్పుడే గట్టిగా అనుకున్నాం, ఏదో ఒకటి కొనేద్దామని.

ఆ ధైర్యం ఇవ్వడంలో సబ్సిడీ పాత్ర చాలా ఉంది. మా స్కూల్లో నాకన్నా సీనియర్ టీచర్ ఒకరు 2019లో ఇదే పథకం పాత రూపంలో ఫ్లాట్ కొన్నారు. ఆవిడకు 2 లక్షల 67 వేలు ఒకేసారి లోన్‌లో జమయ్యాయి, ఈఎంఐ బాగా తగ్గింది. మా మనసులో ఉన్నది కూడా ఆ అంకే. ఇళ్లు చూపించిన బ్రోకర్లు కూడా అదే చెప్పేవాళ్లు: "రెండు లక్షల అరవై ఏడు వేలు గవర్నమెంటే ఇస్తుంది కదమ్మా, ఇంకో లక్ష పెట్టడానికి ఎందుకు ఆలోచిస్తారు?" కానీ ఆ పాత పద్ధతి మాలాంటి వాళ్లకు 2022 మార్చి 31తో ఆగిపోయింది. 2024 సెప్టెంబర్ 1 నుంచి నడుస్తున్నది వేరు. ఇందులో మొదటి 8 లక్షల అప్పు మీద, 12 ఏళ్ల వరకు 4 శాతం వడ్డీ రాయితీ. గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, అదీ ఏడాదికి ఒకటి చొప్పున ఐదు వాయిదాల్లో. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. ఈ సంగతి నాకు బ్యాంకు మేడమ్ చెప్పే దాకా తెలియదు. బేరం జరిగేటప్పుడు మాత్రం అమ్మేవాళ్లు, బ్రోకర్లు అందరూ పాత అంకె పట్టుకునే మాట్లాడారు. రాని డబ్బుకు కూడా ధరలో వాటా అడిగారన్నమాట. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

డిసెంబర్‌లో మొదటి ఫ్లాట్ నచ్చింది. మా స్కూల్‌కి దగ్గర, పై అంతస్తు, గాలి వెలుతురు బాగున్నాయి. 25 వేలు టోకెన్ ఇచ్చాం. బ్యాంకు లాయరు కాగితాలు చూసి జనవరి మధ్యలో కుదరదన్నారు. ఆ బిల్డింగ్‌కి ప్లాన్ అప్రూవల్ కింది అంతస్తుల వరకే ఉంది. మాకు చూపించిన అంతస్తు తర్వాత వేసింది. బీపీఎస్ (అనుమతి లేని కట్టడానికి జరిమానా కట్టించుకునే పథకం) కింద క్రమబద్ధీకరించుకున్న కాగితం ఉంటే చూస్తామన్నారు, ఓనర్ దగ్గర అది లేదు. టోకెన్‌లో 15 వేలు తిరిగి వచ్చాయి. మిగతా 10 వేలు "ఇంకో పార్టీని వదులుకున్నాం" అని ఆయన ఉంచేసుకున్నారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన అన్నం తినలేదు. పది వేలంటే ఆయనకు ఎన్ని ఏసీల సర్వీసో నాకు తెలుసు.

ఆ డిసెంబర్‌లో జరిగిన ఒక మంచి పని మాత్రం తర్వాత మమ్మల్ని కాపాడింది. బ్యాంకు మేడమ్ మొదటి రోజే అడిగారు, "సార్‌కి ఐటీ రిటర్న్ ఉందా?" అని. మా ఆయనది పన్ను కట్టే ఆదాయం కాదు, ఎప్పుడూ వేయలేదు. ఆలస్యంగా వేసే రిటర్న్‌కి డిసెంబర్ 31 ఆఖరి తేదీ అని చెప్పి, వెంటనే వేయించమన్నారు. ఆడిటర్ 1,500 తీసుకుని వేశారు. షాపు ఓనర్ గారు కూడా మంచివారు. అప్పటిదాకా చేతికిచ్చే జీతాన్ని జనవరి నుంచి ఫోన్‌పేలో ఖాతాకు వేయడం మొదలుపెట్టారు.

ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ మార్కెట్ విలువలు పెరుగుతున్నాయని జనవరి ఆఖర్లో అందరూ రిజిస్ట్రార్ ఆఫీసులకు పరుగులు పెట్టారు. మాకు చేతిలో ఇల్లే లేదు. ఫిబ్రవరి రెండో వారంలో గోరంట్ల వైపు ఒక గ్రూప్ హౌస్‌లో రెండో అంతస్తు ఫ్లాట్ చూశాం. కట్టి పన్నెండేళ్లయింది, 820 ఎస్ఎఫ్‌టీ, డబుల్ బెడ్‌రూమ్. లిఫ్ట్ పాతది, వంటగది ఇరుకు. కానీ కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. 23 లక్షలు చెప్పారు, 22కి తెగింది. ఈసారి అగ్రిమెంట్‌లో లోన్ రాకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇవ్వాలని రాయించాను. అమ్మే ఆయన కాస్త ముఖం చిట్లించారు గానీ సంతకం పెట్టారు. ఫిబ్రవరి 20న లక్ష అడ్వాన్స్, 90 రోజుల గడువు.

లోన్ దగ్గర అసలు పరీక్ష మొదలైంది. నా ఒక్కదాని జీతం మీద అయితే 8 లక్షలకు మించి రాదన్నారు. మా ఆయన ఆదాయం కలపడానికి ఆ ఒక్క ఐటీ రిటర్న్, రెండు నెలల ఫోన్‌పే జమలు, షాపు ఓనర్ ఇచ్చిన లెటర్, అన్నీ పెట్టాం. బ్యాంకు వాళ్లు షాపుకు వెళ్లి చూసొచ్చారు. మా ఆయన పాత బైక్ లోన్ తీరిపోయినా, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో ఇంకా ఉన్నట్టే చూపించింది. బాకీ లేదన్న కాగితం (ఎన్ఓసీ) తెచ్చి దాన్ని సరిచేయించేసరికి మార్చి సగం అయిపోయింది. 90 రోజుల గడువు తలచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు క్లాసులో ఎక్కం చెప్తూ మధ్యలో ఆగిపోయాను, ఎక్కడున్నానో గుర్తు రాలేదు.

మార్చి 28న లోన్ మంజూరైంది. 16 లక్షలు, 20 ఏళ్లు, 8.75 శాతం ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ. ఈఎంఐ 14,139. బ్యాంకు వాల్యుయేషన్ మేం ఒప్పుకున్న 22 లక్షలకన్నా తక్కువ వచ్చింది, అందుకే ఇంకా అడిగినా ఇవ్వలేదు.

ఇక్కడ మా పక్క పోర్షన్‌లో ఉండే దంపతుల గురించి చెప్పాలి. ఆయన టిఫిన్ బండి, ఆవిడ కూడా బండి దగ్గరే. వాళ్ల రాబడి మా కన్నా తక్కువేం కాదు, ఒక్కోనెల ఎక్కువే. మమ్మల్ని చూసి వాళ్లూ బ్యాంకుకు వెళ్లారు. జీతం చీటీ లేదు, రిటర్న్ లేదు, ఖాతాలో పడే డబ్బు ఏ రోజుకారోజు సరుకులకే పోతుంది. లోన్ రాదన్నారు. లోన్ లేకపోతే ఈ వడ్డీ సబ్సిడీ ఉండదు. ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ ఇస్తామంది గానీ వాళ్లు చెప్పిన వడ్డీకి భయపడి మానుకున్నారు. ఒకే మెట్ల మీద ఎక్కి దిగే రెండు కుటుంబాల్లో మాకు దక్కింది, వాళ్లకు దక్కలేదు. పేదవాళ్ల కోసం పెట్టిన పథకంలో ముందు బ్యాంకు నమ్మాలి అన్న షరతే పెద్ద గోడ అని అప్పుడు అర్థమైంది.

ఇక చేతి డబ్బు. ఇంటికి 6 లక్షలు మేం వేసుకోవాలి. పైన రిజిస్ట్రేషన్. అమ్మే ఆయన "17 లక్షలకు రాయించుకుందాం, మీకు 37 వేల చిల్లర మిగులుతుంది" అన్నారు. అలా రాస్తే బ్యాంకు 16 లక్షలు ఇవ్వదు, పైగా రేపు ఏదైనా అయితే మేం ఇచ్చిన మిగతా 5 లక్షలకు కాగితమే ఉండదు. నేను ఒప్పుకోలేదు. 22 లక్షలకే చలానా తీశాం: స్టాంపు డ్యూటీ 5 శాతం అంటే 1,10,000, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర శాతం 33,000, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం 22,000. మొత్తం 1,65,000.

ఆ చలానా కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. ప్రభుత్వం మాకు ఐదేళ్లలో ఇచ్చేది 1,80,000. ప్రభుత్వానికి మేం ఒక్కరోజులో కట్టింది 1,65,000. ఒకటి కేంద్రం, ఇంకోటి రాష్ట్రం, ఖాతాలు వేరని నాకు తెలుసు. కానీ మా ఇంటికి ఖాతా ఒకటే కదా. తక్కువ ఆదాయం వాళ్లకు నిజంగా సాయం చేయాలంటే ఆ రోజు ఆ చలానాలో తగ్గించి ఉంటే, నా మెడలో గొలుసు అలాగే ఉండేది.

మిగతా ఖర్చులు కూడా రాస్తాను, ఎందుకంటే వీటి గురించి ముందు ఎవరూ చెప్పరు. బ్యాంకు ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ కలిపి 14 వేలు. టైటిల్ కాగితాలు బ్యాంకుకు తనఖా పెట్టినట్టు చేసే ఎంఓడీకి దగ్గర దగ్గర 10 వేలు. బ్రోకర్‌కి ఒక శాతం, 22 వేలు. డాక్యుమెంట్ రైటర్, జిరాక్సులు, ఈసీలు (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే కాగితాలు), తిరుగుళ్లు 6 వేలు. అసోసియేషన్ డిపాజిట్, కరెంటు మీటర్ పేరు మార్పు 15 వేలు. వంటగది రిపేరు, సున్నాలు, కిటికీ గ్రిల్స్‌కి 28 వేలు. రిజిస్ట్రేషన్‌తో కలిపి 2 లక్షల 60 వేలు. ఇంటికి వేసిన 6 లక్షలతో చూస్తే చేతి డబ్బు 8 లక్షల 60 వేలు అయింది.

అది ఎలా వచ్చిందంటే, చీటీ మధ్యలో పాడితే పాటలో తగ్గించుకున్నది పోను 2 లక్షల 60 వేలు. బంగారం మీద 2 లక్షల 80 వేలు. పదేళ్లుగా కూడబెట్టింది 1 లక్షా 20 వేలు. మా అన్నయ్య లక్షన్నర సర్దాడు. పాత ఇంటి అడ్వాన్స్ 50 వేలు తిరిగొచ్చింది. ఇందులో ఒక్క రూపాయి కూడా సబ్సిడీ కాదు. సబ్సిడీ వస్తుందని నమ్మి ముందు డబ్బు తక్కువ సర్దుకున్నవాళ్లు రిజిస్ట్రేషన్ వారంలో వడ్డీ వ్యాపారుల దగ్గరికి వెళ్లడం మా బంధువుల్లోనే చూశాను.

మే 8న రిజిస్ట్రేషన్. పొద్దున పదింటికి వెళ్తే మా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. వేలిముద్ర మిషన్ మీద నా బొటనవేలు పడలేదు. రోజూ సుద్దముక్క పట్టుకునే చేతికి ఇది మామూలేనట. అక్కడి అబ్బాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు. మళ్లీ పెట్టాను, పడింది. ఈ పథకంలో ఇల్లు ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద గానీ, భార్యాభర్తలిద్దరి పేరు మీద గానీ ఉండాలి. మాది నా పేరు మీద తీసుకున్నాం, లోన్‌లో మా ఆయన కో-అప్లికెంట్. మా అత్తయ్య మొదట్లో "వాడి పేరు ముందు పెట్టుకోకూడదా?" అన్నారు. మా ఆయనే "రూల్ అలా ఉందమ్మా" అని చెప్పారు. రూల్ లేకపోయినా ఆయన నా పేరు పెట్టేవారేమో, నేను ఎప్పుడూ అడగలేదు. కానీ డాక్యుమెంట్ మీద "కొనుగోలుదారు" అన్న చోట నా పేరు, మా నాన్న పేరు చదువుకున్నప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది. మా పుట్టింట్లో ఆడపిల్ల పేరు మీద సెంటు భూమి ఉన్న దాఖలా లేదు. సబ్సిడీ డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క షరతు మా ఇంట్లో తెచ్చిన మార్పు నాకు చాలా విలువైనది.

జూన్ మొదటి వారంలో, స్కూళ్లు తెరిచేలోపు, పాలు పొంగించుకుని వచ్చేశాం.

సబ్సిడీకి అప్లికేషన్ మే ఆఖర్లో పెట్టాం. లోన్ డబ్బు విడుదలైన తర్వాతే పెట్టాలని బ్యాంకులో చెప్పారు. నెట్ సెంటర్ అతను "పీఎంఏవై నేను చేయిస్తా, ఐదు వేలు" అన్నాడు. పోర్టల్‌లో దరఖాస్తుకు ఫీజు ఏమీ లేదు. ఆధార్ నంబరు, దానికి లింకైన ఫోన్‌కి ఓటీపీ, కుటుంబంలో అందరి ఆధార్ వివరాలు, ఆదాయ ధ్రువపత్రం, ఎక్కడా పక్కా ఇల్లు లేదన్న డిక్లరేషన్, లోన్ వివరాలు. నా ఫోన్‌లోనే చేసుకున్నాను. ఆదాయ ధ్రువపత్రం వార్డు సచివాలయంలో తీసుకున్నాను.

పక్కా ఇల్లు దగ్గర మాకు చాలా టెన్షన్ ఉండేది. ఊళ్లో మా మామయ్య గారి పేరు మీద ఇల్లుంది. కానీ ఈ పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. మామయ్య గారి ఇల్లు మా లెక్కలోకి రాదు. ఇంకో భయం, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇళ్ల పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. 2020లో పేదలకు ఇళ్ల స్థలాల పట్టాలు ఇచ్చినప్పుడు నేను కూడా అర్జీ పెట్టాను. నాకు రాలేదు. కానీ ఎక్కడైనా జాబితాలో పేరు ఎక్కిందేమోనని సచివాలయంలో నా ఆధార్, మా ఆయన ఆధార్ రెండూ చూపించుకున్నాను. లేదని తేలాక గానీ మనసు కుదుటపడలేదు. మా స్కూల్ ఆయమ్మకు అప్పట్లో పట్టా, ఇల్లు రెండూ మంజూరయ్యాయి. ఇల్లు మాత్రం పునాది కూడా లేవలేదు. ఇప్పుడు ఆమె పేరు లబ్ధిదారుల్లో ఉంది కాబట్టి ఈ సబ్సిడీకి అడగడానికి లేదు. ఇల్లు రాని మనిషి కాగితం మీద ఇల్లు వచ్చిన మనిషి అయిపోయింది. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు అడ్వాన్స్ ఇవ్వక ముందే ఇది చూసుకోండి.

తర్వాత ఎదురుచూపులు. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబర్. పోర్టల్‌లో పరిశీలనలో ఉంది అనే మాట తప్ప ఇంకేం మారలేదు. బ్యాంకులో అడిగితే "మేం పంపించేశాం" అన్నారు. అక్టోబర్‌లో పాత మేడమ్ బదిలీ అయ్యి కొత్త ఆఫీసర్ వచ్చారు. ఆయన ఓపిగ్గా తీసి చూశారు. మా ఆయన పేరు పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంతో ఉంది. లోన్ పాన్ ప్రకారం ఉంది, అప్లికేషన్ ఆధార్ ప్రకారం ఉంది. అక్కడే ఆగిందట. ఇది మాకు ఎవరూ కబురు చేయలేదు. అడక్కపోతే ఇంకెన్నాళ్లు అలాగే ఉండేదో. ఆధార్ సెంటర్‌లో 75 రూపాయలు కట్టి, పాన్ కార్డు చూపించి పేరు మార్పించాం. అక్టోబర్ ఆఖరికి అప్‌డేట్ అయింది. నవంబర్‌లో బ్యాంకు మళ్లీ పంపింది. బ్యాంకులకు సబ్సిడీ సొమ్ము నేషనల్ హౌసింగ్ బ్యాంక్, హడ్కో, ఎస్‌బీఐ అనే మూడు నోడల్ ఏజెన్సీల ద్వారా వస్తుంది. మన ఫైలు ఎక్కడుందో చెప్పాల్సింది మన లోన్ బ్రాంచే.

ఆ నెలలు ఇంట్లో ఎలా గడిచాయో కూడా చెప్పాలి. అద్దె 7,500 పోయి ఈఎంఐ 14,139, మెయింటెనెన్స్ 1,000 వచ్చాయి. బంగారం అప్పు వడ్డీ నెలకు 2,200. పాడేసిన చీటీకి కంతులు కట్టాలి. మా ఆయన ఆదివారాలు కూడా పనికి వెళ్లడం మొదలుపెట్టారు. నేను సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ పెట్టాను. పెద్దదాని డాన్సు క్లాసు మానిపించాం. అది ఏమీ అనలేదు, దానికే నాకు ఎక్కువ బాధేసింది. సొంతిల్లు వచ్చిందని చుట్టాలు మెచ్చుకుంటున్న ఆ దసరాకే మేం బట్టలు కొనలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో మెసేజ్ వచ్చింది. లోన్ ఖాతాలో 36,000 జమ. వెంటనే స్టేట్‌మెంట్ తీయించాను. జూన్ నుంచి డిసెంబర్ దాకా మేం ఏడు ఈఎంఐలు, 98,973 రూపాయలు కట్టాం. అందులో అసలుకు వెళ్లింది పాతిక వేలు కూడా లేదు, మిగతాదంతా వడ్డీ. ఆ వరుసల కింద ఒక్క వరుసలో 36,000 నేరుగా అసలులోంచి తగ్గింది. ఏడు నెలలు ఇద్దరం ఒళ్లు వంచి తగ్గించిన దానికన్నా ఎక్కువ. ఆ కాగితం చూశాక, అన్నాళ్లూ మా నెత్తిన ఉన్న బరువులో ఒక మూల ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. అది నిజమైన సాయమే, నేను తక్కువ చేసి చెప్పను.

కానీ ఈఎంఐ తగ్గలేదు. 36,000కి ఈఎంఐ తగ్గించమంటే ఎంత తగ్గుతుందని ఆఫీసర్ గారిని అడిగాను. నెలకు 324 రూపాయలు. ఈఎంఐ అలాగే ఉంచితే చివర్లో దాదాపు 9 నెలల కంతులు తగ్గుతాయి, అంటే లక్షా పాతిక వేల పైచిలుకు. మా ఆయన నెలనెలా తగ్గితేనే బావుంటుందన్నారు. నేను లెక్క చూపించి ఒప్పించాను. ఇది కాక, 2025లో ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకు తను అప్పిచ్చే వడ్డీ) ఏప్రిల్‌లో, జూన్‌లో, డిసెంబర్‌లో తగ్గించడం వల్ల మా వడ్డీ 8.75 నుంచి 7.75కి వచ్చింది. నిజం చెప్పాలంటే మా అప్పు గడువు సబ్సిడీ కన్నా దీనివల్లే ఎక్కువ తగ్గింది, అదీ ఏ కాగితమూ పెట్టకుండా.

ఇంకో మాట. ఈ 36,000 మన సేవింగ్స్ ఖాతాకు రాదు, తీసుకుని వాడుకోవడానికి ఉండదు. మాకు ఎక్కువ వడ్డీ పడుతున్నది బంగారం మీద, తొమ్మిదిన్నర శాతం. సబ్సిడీ పడింది 7.75 శాతం వడ్డీ ఉన్న ఇంటి అప్పులో. చేతికి ఇచ్చి ఉంటే ముందు గొలుసు విడిపించుకునేదాన్ని. డబ్బు దుర్వినియోగం కాకూడదని అలా పెట్టారని అర్థం చేసుకోగలను. కానీ చిన్న కుటుంబాల్లో ఇల్లు కొన్న మొదటి ఏడాది మెడకు చుట్టుకునేవి ఈ పక్క అప్పులే.

మిగతా నాలుగు వాయిదాలు కూడా రావాలంటే ప్రతిసారీ రెండు షరతులు ఉంటాయి: లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా బాకీ ఉండాలి. మాకు ఐదేళ్లలో సగం తీర్చేంత స్తోమత లేదు కాబట్టి ఆ భయం లేదు. ఊళ్లో పొలం అమ్మి లోన్ ముందే తీర్చేద్దాం అనుకునేవాళ్లు మాత్రం ఈ లెక్క చూసుకోవాలి. మాకున్న భయం వేరే. నాది ప్రైవేటు ఉద్యోగం, వేసవిలో జీతం ఇస్తారో లేదో ప్రతి ఏడాదీ అనుమానమే. రెండు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు పక్కన పెట్టుకోవాలని ఇప్పుడు ట్యూషన్ ఫీజులు ముట్టుకోవడం లేదు.

మా స్కూల్లోనే ఇంకో టీచర్ 20 లక్షల ఫ్లాట్ చూస్తోంది. నిన్న నన్ను అడిగింది, సబ్సిడీ పోను ఎంత పడుతుందని. సబ్సిడీని లెక్కలోంచి తీసేసి చూసుకోమన్నాను. బ్యాంకు ఇచ్చేది పోగా మిగిలేది, దానిపైన రిజిస్ట్రేషన్‌కి లక్షన్నర, చిల్లర ఖర్చులకు ఇంకో లక్ష చేతిలో ఉంటే ముందుకు వెళ్లమని చెప్పాను. భార్యాభర్తలిద్దరి ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోమన్నాను. ఆమె భర్త ఆటో నడుపుతారు, ఇంతవరకు రిటర్న్ వేయలేదు. వచ్చే వారం మా ఆడిటర్ దగ్గరికి ఇద్దర్నీ నేనే తీసుకెళ్తున్నాను.